ఒకసారి చూడు

మా ఇంట్లో నేను చేసే ఉద్యోగానికి ఒక పేరుంది. "ఒకసారి చూడు." పొయ్యి మీద పాలు ఒకసారి చూడు, కీర్తన లెక్కలు ఒకసారి చూడు, మోటారు ఆపానో లేదో ఒకసారి చూడు, నాన్నగారి బీపీ మాత్రలు ఉన్నాయో అయిపోయాయో ఒకసారి చూడు. చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? రెప్ప వేసినంతసేపు. అందుకని అది పని కాదు. పని కాదు కాబట్టి అలసట రాకూడదు, విసుగు అసలే రాకూడదు. పదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఇంట్లో ఎవరినైనా అడగండి, ఉష ఏం చేస్తుందీ అని. ఖాళీగానే ఉంటుందండీ అంటారు.

ఆ బుధవారం పొద్దున పదింటికి కందిపప్పు కుక్కర్లో పడేసి దోసకాయ చెక్కు తీస్తున్నాను. ఆటోనగర్ షెడ్డు నుంచి మా ఆయన దుర్గాప్రసాద్ ఫోన్ చేశాడు. ఎదురుగా ఉంటే మీరు అంటాను. మనసులో ఆ మర్యాద ఎప్పుడో మానేశాను.

"ఉషా, బిల్డ్ అవట్లేదు. ఏదో ఎర్రర్ వస్తోంది. ఫొటో పెట్టాను, ఒకసారి చూడు. పన్నెండింటికి వాళ్ళొచ్చేస్తారు."

"ఏం మార్చారు?"

"ఏం మార్చలేదు. నిన్నటిదాకా బానే ఉంది. ఒకసారి చూడు, అంతే."

ఫొటో చూశాను. కంప్యూటర్ తెరని వంకరగా తీశాడు. ఎడమవైపు సగం తెగిపోయింది, మధ్యలో ఆయన బొటనవేలి నీడ. అడుగున ఉన్న ఆఖరి లైను మాత్రం చక్కగా పడింది. పని ఆగిపోయింది అని దాని అర్థం. ఆ ముక్క ఆయన ఫోన్లోనే చెప్పాడు. ఎర్రర్లలో ఆఖరిది ఎప్పుడూ ఏమీ చెప్పదు, మొదటిది చూడాలి. మొదటిది సరిచేస్తే చాలాసార్లు కిందున్న ముప్ఫై వాటంతటవే పోతాయి. ఈ సంగతి ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. ఆయన ఫొటో తీసేది మాత్రం ఆఖరి లైనుకే.

మా షెడ్డులో తయారయ్యేది రొయ్యల చెరువు గట్టు మీద పెట్టే ఒక పెట్టె. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అది నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతుంది, రైతుకి ఫోన్ కొడుతుంది. కొట్టకపోతే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలుతుంది, ఆ ఏటికి ఆ ఇల్లు మునుగుతుంది. పెట్టెలో గోరంత చిప్పు, ఆ చిప్పుకి ఒక బుల్లి ఆపరేటింగ్ సిస్టం. దానికి తన పని చేసుకోవడం వచ్చు గానీ బయటి లోకంతో మాట్లాడ్డం రాదు. ఆ మాట్లాడించే కోడంతా ఒకచోట చేర్చిన లైబ్రరీ నేను రాశాను. బయట ఊరికే దొరికే లైబ్రరీలన్నీ సిగ్నల్ నిలకడగా ఉండే ఊళ్ళ కోసం రాసినవి. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తుంటే గాలి మళ్ళినా సిగ్నల్ పోతుంది, మబ్బు పట్టినా పోతుంది. పోయిన ప్రతిసారీ ఓపిగ్గా మళ్ళీ కలుపుకునే లైబ్రరీ కావాలి. ఓపిక సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి నేనే రాశాను.

అప్పుడు కీర్తన కడుపులో ఉంది. మొదటి పెట్టెని మాణిక్యం అనే ఆవిడ కౌలు చెరువు మీద పెట్టాం. నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. "ఏడో నెల పెట్టుకుని ఈ గట్టు మీదికెందుకమ్మా, జారుద్ది. నీ మొగుణ్ణి పంపొచ్చుగా" అనేది మాణిక్యం. ఆయన్నీ తీసుకొచ్చానమ్మా, కారులో ఏసీ వేసుకుని ఫోన్ మాట్లాడుతున్నారు అని చెప్పలేక నవ్వేదాన్ని. పెట్టె ఆన్ చేయగానే చిన్న తెర మీద మొదట వచ్చేది "ఉష నెట్ ఓకే" అనే మాట, ఇంగ్లీషు అక్షరాల్లో. లైబ్రరీలో ఒక్కో పని చేసే ఒక్కో ముక్కని ఫంక్షన్ అంటారు, నేను రాసిన ప్రతి ఫంక్షన్‌కీ ముందు ఉష అని పెట్టుకున్నాను. నాది అని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద నాకు దొరికిన నాలుగక్షరాల చోటు అది. మాణిక్యం తన కొడుకుతో చదివించుకుని, ఆ చుట్టుపక్కలంతా దాన్ని ఉషమ్మ పెట్టె చేసేసింది.

కంపెనీ పేరు మాత్రం సుబ్బరత్నం కంట్రోల్స్. సుబ్బరత్నం మా అత్తయ్య. "మా ఇంటి ఆడవాళ్ళ పేరే పెట్టామండీ" అని మా ఆయన ఎవరొచ్చినా గర్వంగా చెబుతాడు. విజిటింగ్ కార్డు మీద ఆయన పేరు, మేనేజింగ్ డైరెక్టర్. నేను ఎక్కడా లేను. కస్టమర్ల ముందు మాత్రం నాకో పేరుంది. "మా టెక్నికల్ టీమ్ చూస్తున్నారండీ" అంటాడు. ఆ టీము నైటీ మీద చున్నీ వేసుకుని, ఒక చేత్తో కుక్కర్ విజిల్ ఎత్తి చూస్తూ ఉంటుంది.

ఈ బుధవారం మామూలు రోజు కాదు. రొయ్యల మేత అమ్మే ఒక పెద్ద కంపెనీ మా పెట్టెలు నాలుగువందలు తీసుకుంటానంది. వాళ్ళ షరతులు రెండు. ప్రోగ్రామంతా వాళ్ళ ఇంజనీరు కళ్ళెదుట మొదట్నుంచి కట్టి, అంటే బిల్డ్ చేసి, చూపించాలి. ఇది ఎవరు రాశారో వాళ్ళు ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ రెండో షరతు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. కాటన్ చీర ఒకటి గంజి పెట్టి ఇస్త్రీ కూడా చేయించుకున్నాను. సంతకం ఎప్పుడు పెట్టాలి, షెడ్డుకి రావాలా అని రెండుసార్లు అడిగాను. "చూద్దాంలే, నువ్వు రావక్కర్లేకుండానే అయిపోతుందేమో" అన్నాడు. నన్ను శ్రమ పెట్టడం ఇష్టంలేక అన్నాడనుకున్నాను. పదేళ్ళ కాపురం తర్వాత కూడా మనిషి ఇలా అనుకోగలదంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

కుక్కర్ విజిళ్ళు వచ్చాక స్టవ్ కట్టేసి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, షెడ్డులోని ఫోల్డరు తెప్పించుకుని నా దగ్గర కట్టి చూశాను. పద్నాలుగు ఎర్రర్లు. పేర్లు ఏమున్నాయో చదవకుండానే నా చెయ్యి నా తప్పు వెతకడానికి వెళ్ళింది. అది నా అలవాటు. కూరలో ఉప్పు తక్కువైతే, కీర్తనకి జ్వరమొస్తే, మామయ్యగారి చొక్కాకి గుండీ ఊడితే, ముందు నేనే ఏదో మర్చిపోయి ఉంటాను అనుకుంటాను. లైబ్రరీలని వరసగా పెట్టాలి, ముందుది వెనకైతే ఇలాంటి ఎర్రర్లే వస్తాయి. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఆ తప్పు చేశాను. "చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోవద్దా" అని అప్పుడు మా ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు తారీఖుతో సహా గుర్తు. వరస చూశాను. సరిగ్గానే ఉంది.

"అమ్మాయ్, కాఫీ ఏమైనా ఉందా?" హాల్లోంచి మామయ్యగారు. పేరు బసవపున్నయ్య. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో ఉద్యోగమంటే గేటు దాటి వెళ్ళేది. నేను పెళ్ళికి ముందు హైదరాబాదులో కరెంటు మీటర్లు తయారుచేసే కంపెనీలో మూడేళ్ళు చేశానంటే ఆయనకి గౌరవమే. ఇప్పుడు చేసేదాని మీదే లేదు. "గేటు దాటి, కార్డు గుద్ది, సైరన్ మోగేదాకా ఉంటేనే ఉద్యోగమమ్మా. ఇంట్లో కూచుని టకటకలాడించేది కాలక్షేపం" అంటారు. వెటకారం కాదు, నిజంగానే నమ్మి అంటారు. లేచి కాఫీ కలిపి ఇచ్చి వచ్చి కూర్చున్నాను. గ్లాసు ఆయన చేతిలోనే ఉండగా పన్నెండున్నరకల్లా భోజనం అన్నారు. ప్లాంటులో ఆ టైముకి సైరన్ మోగేదట.

తర్వాత, మనం రాసిన కోడుని చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ మారిందేమో చూశాను. మారలేదు. ఈలోపు గ్యాస్ బండ వచ్చింది, పాత బండ ఇచ్చి పంపాను. బట్టల మిషన్ పిలిచింది, ఆరేసి వచ్చాను. కీర్తన స్కూలు నుంచి మెసేజ్, రేపు గోధుమరంగు చార్టు కావాలట. మా ఆయన మళ్ళీ ఫోన్. "అయిందా?" లేదన్నాను. "ఏం చేస్తున్నావసలు ఇంతసేపు?" అన్నాడు. నలభై అయిదు నిమిషాలైంది. నేను నా తప్పు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను, దొరకడంలేదని నాకే సిగ్గుగా ఉంది.

అప్పుడు, మొదటి ఎర్రర్ చదివాను. నేను అందరికీ చెప్పే పని నేనే ఆఖర్న చేశాను.

"డీపీ నెట్ స్టార్ట్ అనే పేరు గలది ఎక్కడా లేదు." అలా పద్నాలుగు. డీపీ నెట్ సెండ్ లేదు, డీపీ నెట్ రీట్రై లేదు. డీపీ ఎవరు? నా కోడులో డీపీ లేడు.

బిల్డ్ అంటే చివర్లో జరిగేది ఒక పిలుపు. ప్రోగ్రాములో ఎక్కడెక్కడ ఏ పేరు పెట్టి పిలిచామో చూసుకుని, ఆ పేరు గలవాళ్ళని లైబ్రరీలోంచి లేపుకొచ్చి కలుపుతుంది యంత్రం. నా లైబ్రరీని నేను ఒకసారి కట్టి, మూటలా చేసి ఆ ఫోల్డర్లో పెట్టాను, ప్రతిసారీ కట్టక్కర్లేకుండా. దాని మూలం, అంటే మనిషి చదవగలిగే అసలు కోడు, నా పాత ల్యాప్‌టాప్‌లో, బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మూటలో ఏ పేర్లున్నాయో అడిగితే చెప్పే ఆజ్ఞ ఒకటుంది. అడిగాను. ఉష నెట్ స్టార్ట్. ఉష నెట్ సెండ్. ఉష నెట్ రీట్రై. పద్నాలుగూ ఉన్నాయి, ఎనిమిదేళ్ళ కింద నేను వదిలినచోటే. పైన పిలిచేవాడే మారాడు.

ప్రోగ్రాము ఫైలు తెరిచాను. పైన "రచన: ఉషశ్రీ" అని ఉండే చోట "రచన: దుర్గాప్రసాద్". కిందికి దిగాను. ఉష ఉన్న ప్రతిచోటా డీపీ. ఫైలంతా ఒక పేరు బదులు ఇంకోటి ఒక్క దెబ్బతో పెట్టేసే రీప్లేస్ ఆల్ కొట్టాడు. మూట అక్షరాల్లో ఉండదు కాబట్టి అది మూటలోకి వెళ్ళలేదు. ఇంకా దిగాను. ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. కోడు మధ్యలో మనకోసం మనం రాసుకునే గుర్తులుంటాయి, యంత్రం వాటిని చదవదు. మాణిక్యం చెరువు గట్టు మీద ఒక సాయంత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో రాసుకున్న గుర్తు ఒకటి అక్కడ ఉండాలి. "ఉష: ఏడో నెల. బిడ్డ తన్నుతోంది, కూర్చోలేకపోతున్నా. మిగతాది రేపు."

అది ఇప్పుడిలా ఉంది. "డీపీ: ఏడో నెల. బిడ్డ తన్నుతోంది, కూర్చోలేకపోతున్నా. మిగతాది రేపు."

నవ్వొచ్చింది. నిజంగా పైకే నవ్వాను, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్య తలెత్తి చూసేంత. మా ఆయనకి ఏడో నెల. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఒళ్ళంతా మండిపోయింది. పని తీసుకున్నాడు, పేరు తీసుకున్నాడు, సరే. ఆ నడుంనొప్పి కూడా తీసుకున్నాడు, చదవనైనా చదవకుండా.

ఫోన్ చేశాను. "నా పేరు ఎందుకు తీశారు?"

"అదా. ప్రొఫెషనల్‌గా ఉంటుందనే. ప్రతి లైనులో ఉష, ఉష అని ఉంటే ఈ ఉష ఎవరు, ఎక్కడ కూచుంటుంది అని అడగరూ? ఇంట్లో ఆడమనిషి రాసిందంటే సీరియస్‌గా తీసుకుంటారా? నువ్వే చెప్పు."

"సంతకం?"

"నేను పెడతాలే. మళ్ళీ నిన్నెందుకు ఇంతదూరం..."

"మీరు రాయలేదుగా."

"ఇప్పుడు దీన్ని ఇష్యూ చేయకు ఉషా. నా పేరుంటే నీ పేరున్నట్టు కాదా? మనం వేరా?"

"వేరు కాకపోతే నా పేరే ఉంచొచ్చుగా."

"ఇదిగో, ఇలా మాట్లాడతావనే చెప్పలేదు. టైము పదకొండుంబావు. సాయంత్రం ఇంటికొచ్చాక ఎంత కావాలంటే అంత పోట్లాడు. ముందు ఎర్రర్ సంగతి ఒకసారి చూడు." పెట్టేశాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి కూర్చున్నాను. మొదటి ఎర్రర్ చూడాలి అంటానే, మరి ఈ కాపురంలో మొదటిదేది? నిన్నటి రీప్లేస్ ఆల్ కాదు. అది ఫొటోలో పడిన ఆఖరి లైను. "ఒక్క ఆర్నెల్లు ఉద్యోగం మానెయ్, షెడ్డు నిలబడగానే నీ ఇష్టం" అన్నప్పుడు తలూపినదా? విజిటింగ్ కార్డులు అచ్చయి వచ్చినరోజు నా పేరేదీ అని అడగబోయి, అందరూ స్వీట్లు తింటున్నారు కదా బావుండదని ఊరుకున్నదా? షెడ్డులో వేడిగా ఉంటుంది, నువ్వు హాయిగా ఇంట్లోనే చేసుకో అంటే, నా మీద ఎంత ప్రేమో అని అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నదా? వెనక్కి వెళ్ళేకొద్దీ ప్రతిచోటా నేను నవ్వుతూ సరేనంటూ కనిపించాను. ఆ నవ్వులు చూస్తే నాకు ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"ఏమైందమ్మాయ్?" అంది అత్తయ్య.

"మీ అబ్బాయి నేను రాసినదాంట్లో నా పేరంతా చెరిపేసి తన పేరు పెట్టుకున్నారత్తయ్యా. కాగితం మీద సంతకం కూడా తనే పెడతారట."

ఏమంటుందో నాకు తెలుసు. వెనకొకసారి అననే అంది, మొగుడి పేరు పైకొస్తే పెళ్ళాం పేరొచ్చినట్టేగా అని. ఈసారి ఆ మాట అనలేదు. చేతిలోని చిక్కుడుకాయ ఈనె తీయకుండానే పళ్ళెంలో పెట్టేసింది.

"నా పేరు షెడ్డు బోర్డుకెక్కించారు కదా" అంది. "ఆ బోర్డు నేను చూశాననుకున్నావా?"

"చూడలేదా?"

"ఏదీ? ప్రారంభం రోజు అరవై మందికి భోజనాలు. నీకప్పుడు ఒంట్లో బాలేదు. నేనూ వెళ్తే వంటెవరు చేస్తారు? వండి ఆటోలో పంపించా. సాయంత్రం ఫోన్లో ఫొటో చూపించాడు. కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, సరిగా కనపళ్ళేదు. బాగుందిరా అన్నా." గొంతు తగ్గించింది, హాల్లోకి వినపడకుండా. "సంతకాలకి మాత్రం కాగితాలు ఇంటికే తెస్తాడు. ఇక్కడ పెట్టమ్మా అంటాడు, పెడతా. అవేం కాగితాలో నువ్వెప్పుడైనా చదివావా?"

"నాకెప్పుడూ చూపించలేదు."

"నాకూ చదివి చెప్పలేదులే" అని మళ్ళీ ఈనెలు తీసుకుంది.

పదకొండున్నర. చదువుకున్న ఆడదానికి సర్దుకుపోవడం కూడా చదువుకున్న పద్ధతిలోనే వస్తుంది. నాకు వెంటనే ఉపాయం తట్టింది. ఎవరి పేరూ మార్చక్కర్లేదు. డీపీ అని పిలిస్తే ఉష పలకాలి అని ఒక్కో పేరుకీ ఒక్కో లైను రాస్తే చాలు, పద్నాలుగు లైన్లు. ఆయన పేరు పైన కనబడుతుంది, లోపల పని నేను చేస్తాను, గొడవలేదు. చకచకా రాసేశాను. కట్టాను. ఒక్క ఎర్రర్ లేదు. మంచి బిల్డ్ చూస్తే నాకెప్పుడూ కలిగే సంతోషం ఒక్క క్షణం కలిగింది కూడా.

ఆ పద్నాలుగు లైన్లు మళ్ళీ చదివాను. శుభలేఖల మీద శ్రీమతి దుర్గాప్రసాద్ గారికి అని రాస్తే నేను పలుకుతాను. గ్యాస్ పుస్తకం మీద ఆయన పేరు, బండ దింపించేది నేను. స్కూల్లో తండ్రి పేరు పిలుస్తారు, మార్కుల కాగితం మీద సంతకానికి లేచేది నేను. ఇన్నేళ్ళు నోటితో చేసినదాన్ని ఇవాళ నా చేత్తో కోడులో రాశాను, అంతే తేడా. పైగా ఇది పంపిస్తే నాలుగువందల గట్ల మీద ఈ పద్నాలుగు లైన్లు నడుస్తాయి. మాణిక్యం పెట్టె ఆన్ చేస్తే డీపీ నెట్ ఓకే అంటుంది. ఎవరమ్మా ఈ డీపీ అని అడుగుతుంది మాణిక్యం. ఏం చెప్పను?

లైన్లన్నీ చెరిపేశాను. నా దగ్గరున్న పాత ఫోల్డరు, ఎవరూ చెయ్యి పెట్టనిది, తెరిచి కట్టాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. పంపలేదు. స్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. అత్తయ్య నా చీర వైపు చూసింది. చిక్కుడుకాయల పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది.

పన్నెండూ అయిదుకి ఫోన్. స్పీకర్లో పెట్టాడని గొంతు వినగానే తెలిసింది.

"హలో, టెక్నికల్ టీమ్? క్లయింట్ వచ్చి ఉన్నారు. ఎర్రర్ క్లియర్ అయిందాండీ?"

అండీ. పదేళ్ళలో ఆయన నన్ను అండీ అనేది ఆ స్పీకర్లోనే. నేను నోరు తెరిచేలోపు ఇంకో గొంతు వచ్చింది.

"ఒక్క నిమిషం ప్రసాద్ గారూ. నమస్తే మేడమ్, నా పేరు కరిముల్లా. మేత కంపెనీ ఇంజనీర్ని. మీరు సరిచేసేలోపు కోడు చూస్తున్నానండీ. సిగ్నల్ పోతే మళ్ళీ కలపమని లైబ్రరీని పిలిచే పద్ధతుంది చూడండి, చాలా బాగా రాశారు. ఎక్కడా తొందరపడదు, వదిలీ పెట్టదు. ఒక్క డౌటండీ. ఇక్కడ డీపీ, ఏడో నెల, బిడ్డ తన్నుతోంది అని ఉంది. డీపీ అంటే ప్రసాద్ గారేనని పైన ఉంది మరి. ఇదేంటో అర్థం కాలా."

వెనక ఎవరో ఇద్దరు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు, మా అమ్మావాళ్ళ ముందు నా మీద జోకు వేశాక నవ్వే నవ్వు.

"అబ్బే, ఏం లేదండీ. టైపింగ్ మిస్టేక్."

టైపింగ్ మిస్టేక్. మూడో తరగతి చదువుతోంది, పేరు కీర్తన, రేపటికి గోధుమరంగు చార్టు కావాలి. ఆ గట్టు మీద ఆ సాయంత్రం అది తన్నిన చోటు మీద నాకు తెలియకుండానే చెయ్యి పడింది.

"మిస్టేక్ కాదండీ కరిముల్లా గారూ" అన్నాను. "ఆ లైను రాసినరోజు నాకు ఏడో నెల. అది నా కోడు. నా పేరు ఉషశ్రీ. డీపీ అని ఉన్న ప్రతిచోటా మొన్నటిదాకా ఉష అని ఉండేది, నిన్న మార్చారు. లైబ్రరీ లోపల మార్చడం కుదరలేదు. మీ బిల్డ్ ఆగిపోయింది అందుకేనండీ. ఆయన పేరు పెట్టి పిలుస్తున్నారు. లోపల ఆ పేరుతో పని చేసినవాళ్ళు ఎవరూ లేరు."

నవ్వులు ఆగిపోయాయి.

"మరి కట్టి చూపించగలరాండీ?" అన్నాడు కరిముల్లా, నెమ్మదిగా.

"వస్తున్నానండీ. భవానీపురం నుంచి, ముప్పావుగంట. సంతకం కూడా నేనే పెట్టాలి కదా."

ఫోన్ ఆగిపోయింది. ఎవరు ఆపారో నాకు తెలుసు. నాలుగువందల పెట్టెలు వస్తాయో పోతాయో తెలియదు. ఆ కరిముల్లా ఉంటాడో, ఇంటి గొడవలు మనకెందుకని లేచి వెళ్ళిపోతాడో తెలియదు. సాయంత్రం ఈ ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం బాగా తెలుసు. నలుగురిలో పరువు తీశావు అంటాడు. నా పేరు తీసినరోజు నలుగురూ లేరు కాబట్టి అది లెక్కలోకి రాదు.

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి, బీరువాలో చీరల కిందనుంచి పాతది కూడా తీసి సర్దుకున్నాను. గుమ్మం దగ్గర అత్తయ్య. నీలం అంచు చీర మార్చుకుంది, చెప్పులు వేసుకుంది. చేతిలో కళ్ళజోడు.

"ఎక్కడికత్తయ్యా?"

"బోర్డు చూద్దామని" అంది.

హాల్లో మామయ్యగారు గడియారం వైపు చూసి, మా ఇద్దరి వైపు చూశారు. పేపరు మడిచారు.

"పన్నెండున్నర అవుతోంది. ఇద్దరూ కలిసి ఎక్కడికి? మరి భోజనం?"

గేటు గొళ్ళెం తీసి, వెనక్కి తిరిగి చెప్పాను.

"కుక్కర్లో పప్పుడికింది మామయ్యగారూ. దోసకాయ వెయ్యలేదు, తాలింపు పెట్టలేదు, అన్నం వండలేదు. ఒకసారి చూడండి."